దేని మీద ప్రమాణం

కబురు ఒకటి. శ్రావణ బహుళ తదియ.

ఎర్రబిలంలో ఉన్న చెల్లెలు గురవమ్మకు, చలువపల్లె నుంచి అక్క మద్దిలేటమ్మ తీగ మీద పంపే కబురు. ముందు నీ ఒళ్ళు ఎలా ఉంది? మెడ పక్కకు తిరుగుతోందా? మరిది నడుము ఇప్పుడన్నా వంగుతోందా, ఇంకా రోకలిలాగే బిగుసుకుని ఉందా? నీ కొడుకు కంబగిరికి దగ్గు తగ్గిందా? కోడలు హుసేనమ్మ మోకాళ్ళకు ఆముదం కాచి పట్టమన్నాను, పట్టావా? మనవరాలు మబ్బు పళ్ళ మీద గోధుమరంగు చారలు వచ్చాయన్నావు, పోయాయా? ఒక్కొక్కరి సంగతీ విడిగా రాయి. అందరం క్షేమం అని ఒక్క ముక్కలో రాస్తే నాకు ఆ పూట సంగటి దిగదు.

ఇక్కడ మేమూ క్షేమమే. కొడుకు ఓబులేసు నీళ్ళగదికి వేళకు పోయి వస్తున్నాడు. కోడలు లింగేశ్వరి పుట్టగొడుగుల గదిలో కోతల మీద ఉంది. పెద్ద మనవరాలు తొలకరి ఎనిమిదో తరగతికి వచ్చింది. చిన్నది చినుకు సంగతే నాకు పట్టుకుంది. నడుస్తుంటే దాని మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పోయినేడు ఇంత లేదు. ఎదిగే పిల్ల, అదే సర్దుకుంటుందని వైద్యుడు అన్నాడు. ఆయన అనడం అయిపోయింది, నా దిగులు అయిపోలేదు. దాని కాళ్ళు చూడకుండా ఉందామని గోడకేసి తిరిగి కూర్చుంటే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ.

మొన్న రాత్రి జొన్నలు ఎండకు పరచి రావడానికి బిలం దాటి పైన నేల మీదికి పోయాం. పొద్దు పొడవకముందే దిగి తలుపు మూసేశాం, అయినా పై తలుపు రబ్బరు కాలి వాసన కొట్టింది. ఆ రబ్బరు ఊడితే కొలిమిలాంటి గాలి లోపలికి వస్తుందేమోనని రోజూ చేత్తో తడిమి వస్తున్నాను. నా చేయి పడితే ఆగుతుందా, ఆగదు. అయినా తడుముతాను.

బడికి కొత్త టీచరు వచ్చింది. జబీనా అని పేరు, సన్నగా ఉంటుంది, ఒక్క మాట కూడా గట్టిగా అనదు. కానీ పిల్లలకు ఏదో మందు పెట్టింది. బాగుంది, ఎక్కువ, తక్కువ అనే మాటలు తరగతిలో ఊరికే అనకూడదట. అంటే దేనితో పోల్చి అన్నావో చెప్పాలట. నిన్న నేను పులుసు నోట్లో పెట్టుకుని "ఉప్పెక్కువైంది మే" అన్నాను కోడలితో.

"దేనికన్నా ఎక్కువ అవ్వా?" అంది తొలకరి.

"నా నాలిక్కన్నా."

"నీ నాలిక కొలమానం కాదు. నిన్న ఎంతేసినారు, ఈ పొద్దు ఎంతేసినారు, అది చెప్పల్ల."

"నీ పెండ్లికి ఒండేటప్పుడు కొలిచి ఏస్తాలే, తిను" అంది వాళ్ళమ్మ. ఓబులేసు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆడపిల్ల ప్రతి మాటకూ లెక్క అడిగితే రేపు ఎవరి ఇంట్లో ఇముడుతుంది?

కబురు రెండు. శ్రావణ బహుళ నవమి.

మీ జవాబు తీగ మీద అందింది. మబ్బు చారలు పోలేదన్నావు. మరిది చెంబు కోసం కూడా వంగలేకపోతున్నాడన్నావు. చదివిన దగ్గర నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

మీ ఊళ్ళోలాగే మా ఊళ్ళోనూ దీపాలు, గాలి, నీళ్ళు అన్నీ సాక్షమ్మే చూసుకుంటుంది కదా. ఆమె యంత్రమని పిల్లలకు చెబుతారు గానీ, నాకు మాత్రం ఇంటి గోడలో ఉన్న ఆ పెట్టెలో ఎవరో పెద్దముత్తయిదువ కూర్చున్నట్టే ఉంటుంది. పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని అడుగుతాను, "తల్లీ, నీళ్ళు బాగుండాయా?" అని. "నీరు ప్రమాణానికి లోబడి ఉంది" అంటుంది. ప్రమాణం చేసి చెప్పాక ఇంకేం కావాలి? చేతులెత్తి దండం పెట్టి కొళాయి తిప్పుతాను. ఏటా ఉగాదినాడు ఊరంతా సాక్షి మంటపంలో కర్పూరం వెలిగించి ఆమెతో ప్రమాణం చేయిస్తాం, మీరూ చేయిస్తారు. ఆ మాటను అనుమానించినవాళ్ళు ఊరికి తప్పు చేసినట్టే.

ఇవాళ బడి నుంచి వచ్చి తొలకరి నా ఎదురుగా చతికిలబడింది.

"అవ్వా, నువ్వు బిందె నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే ఎంత పని చేసినట్టు?"

"మెడ ఇరిగేంత."

"సున్న. బిందె జరగలేదు గదా. పాఠంలో పని అంటే వేరే."

"మీ టీచర్ని ఒచ్చి మొయ్యమను. అప్పుడు తెలుస్తాది సున్నెంతో."

పిల్ల నవ్వి, అసలు సంగతి అప్పుడు చెప్పింది. కొన్ని మాటలకు ఇంట్లో ఒక అర్థం, పాఠంలో ఇంకో అర్థం ఉంటాయట. పని, శక్తి, ఒత్తిడి అలాంటివి. అలాంటిదే ప్రమాణమూ. ఇంట్లో ప్రమాణమంటే ఒట్టు. పాఠంలో ప్రమాణమంటే దేనికైనా ఇంత వరకు ఉండొచ్చు, ఇంతకు మించకూడదు అని ముందుగా గీసిన గీత. సాక్షమ్మ ఒట్టు వేయడం లేదట. నీళ్ళు ఏదో ఒక గీత లోపల ఉన్నాయని మాత్రమే చెబుతోందట.

"ఏ గీతో అడగకుండా మనం దండం పెడతాండాం అవ్వా."

దాని నోరు చేత్తో మూశాను. పెట్టె వింటుందేమోనని నా భయం. అది నా చేయి తీసేసి పెట్టెకేసి తిరిగి, "నీరు ఏ ప్రమాణానికి లోబడి ఉంది?" అని అడగనే అడిగింది. "ఇంటి పెద్దను పిలువు" అంది సాక్షమ్మ. ఎప్పుడో పిల్లకాయలు ఆటకు ఏదో అడిగి పంపులు ఆపించారని ఊరి కమిటీ ఈ కట్టుబాటు పెట్టింది. నీళ్ళ సంగతి పెద్దవాళ్ళు అడిగితేనే చెబుతుంది. హమ్మయ్య అనుకున్నాను. కానీ పిల్ల నాకేసి చూసిన చూపు ఇంకా వీపు మీద ఉన్నట్టే ఉంది.

కబురు మూడు. శ్రావణ బహుళ ద్వాదశి.

గురవమ్మా, ఇవాళ అన్నాల దగ్గర జరిగింది ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నువ్వు మరిదికి చదివి వినిపించకు, ఆయన కంగారు పడతాడు. కంగారు పడటానికి నేను చాలు.

చినుకు పళ్ళెం పట్టుకుని వస్తూ తన కాళ్ళు తనకే తట్టుకుని పడింది. ఏడవలేదు, అలవాటైపోయింది దానికి. లింగేశ్వరి దాన్ని ఒళ్ళో వేసుకుంది. తొలకరి తన కాళ్ళు చాపి, చెల్లెలి కాళ్ళ పక్కన పెట్టి చూసింది. తొలకరివి తాటిపట్టెల్లా నిటారుగా ఉన్నాయి.

"అమ్మా, మా ఇద్దరికీ అమ్మవు నువ్వే. ఇద్దరం తినేది ఇదే సంగటి. ఇవే దీపాలు, ఇదే ఇల్లు. ఇవన్నీ స్థిరం. మరి మారిందేంది?"

"దిష్టి" అన్నాను నేను.

"దిష్టి నాకూ తగిలేది గదా అవ్వా. నా కాళ్ళు వంగలేదు, దానివి వంగినాయి. నేను అంతున్నప్పుడు లేంది, అదంత అయినప్పుడు ఉండేది, అది యాదో ఒకటి మారింటాది. టీచరు దాన్ని చరరాశి అంటాది. దాన్ని పట్టుకుంటే చాలంటాది."

"పట్టుకో. పట్టుకుని ఉట్టి మీద పెట్టు" అంది లింగేశ్వరి. విసుగుతో అంది గానీ చినుకును ఇంకా దగ్గరకు లాక్కుంది.

ఓబులేసు ముద్ద పళ్ళెంలో వదిలేశాడు. తరవాత నేలకేసి చూస్తూ అన్నాడు. "నీళ్ళు."

"నీళ్ళేంది నాయనా?"

"చినుకు పుట్టినేడు పాత తొట్టి ఎండిపోయె. వాన నీళ్ళ తొట్టి. పుట్టగొడుగుల గదికి పోయే లోతు బోరు ఉండాది గదా, దాని గొట్టం తెచ్చి ఊరి కొళాయిలకు కలిపినాం. కమిటీ కలపమనె, నేను కలిపినా."

చినుకు వాళ్ళ నాన్న చేతి వేళ్ళు పట్టుకుని ఆడుతోంది. ఆ వేళ్ళే ఆ గొట్టం కలిపాయి.

నేనే అన్నాను. "కలిపినాక కూడా సాక్షమ్మ ప్రమాణం చేసింది గదరా. ఏటా చేస్తాంది."

"అదే గదమ్మా నా ధైర్యం" అన్నాడు ఓబులేసు. తొలకరి నోరు తెరవబోతే, "నువ్వు ఈ మాట బయట అనొద్దు మే. నీళ్ళగదిలో నా పని పోతాది, అది పోతే పోనీ. ఊరి మీద అనుమానం ఏసినానంటారు" అన్నాడు. అది తల వంచుకుంది. నాకు కొంచెం నెమ్మది అనిపించింది, చినుకు మళ్ళీ లేచి నడిచిందాకా.

కబురు నాలుగు. అమావాస్య మరునాడు. భాద్రపదం పుట్టింది.

పిల్ల బయట అననే అంది. నాన్న వద్దన్నదాన్ని తరగతిలో జబీనా టీచరును అడిగిందట, నీళ్ళకు ఎన్ని ప్రమాణాలు ఉంటాయని. తాగేదానికి ఒకటి, పైరుకు ఒకటి, యంత్రాలు చల్లార్చేదానికి ఒకటి ఉంటాయని టీచరు చెప్పింది. అంతే. పిల్లలందరూ ఇళ్ళకు పోయి, మన సాక్షమ్మది ఏ ప్రమాణం అని పెద్దల ప్రాణం తీశారు. కమిటీ పెద్ద తిమ్మప్ప మనవడు కూడా అడిగాడట, అన్నం మానేసి మరీ.

తిమ్మప్ప మా ఇంటికి వచ్చాడు. మంచివాడే గురవమ్మా, వడగాలి లోపలికి దిగిన ఏట తలుపు మూయడానికి తన భుజం కాల్చుకున్నవాడు. మంచివాడికి కోపం వస్తేనే నాకు ఎక్కువ భయం.

"మద్దక్కా, ఆ టీచరమ్మ పిల్లలకు పాఠం చెప్తాందో, పంచాయితీ చెప్తాందో నాకు అర్థం కాల్యా. ఒట్టు ఏసినోళ్ళను మళ్ళీ అడిగేది మనింటా వంటా ఉండాదా?"

"లేదప్పా" అన్నాను.

"ఎల్లుండి మంటపంలో కూడతాం. మీ పిల్ల తప్పయిందని ఒక మాట అంటే సరిపోతాది. టీచరమ్మను వచ్చే సొరంగం బండిలో పంపిచ్చేస్తాం. ఇంకొకామె వస్తాది, అ ఆలు చెప్తాది."

ఆయన పోయాక జబీనా వచ్చింది. గడప దగ్గరే నిలబడింది. నాకు తిట్టాలని ఉంది, కానీ ఆమె చెప్పులు చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఒకదానికి తాడు కట్టి ఉంది.

"పిల్లలకు ఈ మాటలన్నీ ఎందుకమ్మా?" అన్నాను. "ఉప్పును ఉప్పంటే చాలదా?"

"ఇంట్లో చాలు పెద్దమ్మా" అంది. "సాక్షమ్మ ఎవరికి వాళ్ళ మాటతోనే జవాబు చెప్తాది. బాగుందా అంటే బాగుందంటాది. మన దగ్గర ఎన్ని మాటలుంటే అంత దూరం పోయి అడగొచ్చు. ఆడికి మించి మనకు కనపడదు, అది చెప్పదు. దానికి మాత్రం దాపరికం లేదు."

"మా తొలకరితో తప్పయిందని చెప్పిస్తా. నువ్వేమీ అనుకోవాకు."

"నేనేం అనుకుంటా పెద్దమ్మా. బిడ్డ కాళ్ళు చూసినా" అని చినుకు తల నిమిరి పోయింది.

అప్పటి నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. తలుపు రబ్బరు తడిమాను, బిందె కడిగాను, కడిగిన బిందె మళ్ళీ కడిగాను. నీళ్ళు పట్టేటప్పుడు దండం పెట్టడం మరిచాను. గుర్తొచ్చి పెడదామంటే చేతులు లేవలేదు.

కబురు ఐదు. భాద్రపద శుద్ధ చవితి.

నిన్న మంటపంలో జనం నిండిపోయారు. నేను తొలకరి చేయి గట్టిగా పట్టుకుని పోయాను, పక్కన ఓబులేసు, లింగేశ్వరి, దాని భుజం మీద చినుకు. దారంతా పిల్ల నా చెవిలో ఒకటే నస. "నన్ను అడగనీరు. నువ్వు ఇంటి పెద్దవి, నువ్వు అడుగు. 'ఈ నీటి నాణ్యతను ఏ వినియోగ ప్రమాణంతో పోల్చి చెబుతున్నావు' అని అడుగు. అంతే అవ్వా." నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆ మాటలు నా నోట్లో పడితే నాలిక మడతపడుతుంది.

తిమ్మప్ప కర్పూరం వెలిగించాడు. "ఏం పాపా, చెప్పు" అన్నాడు.

తొలకరి నాకేసి చూసింది. తప్పయింది అనే మాట మాత్రం దాని నోట రావడం లేదు. జనంలో ఎవరో, "చెప్పు మే, తొందరగా, సంగటి చల్లారిపోతాంది" అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వులో చినుకు వాళ్ళమ్మ భుజం దిగి అక్క దగ్గరకు నడిచింది. రాళ్ళ నేల మీద ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడుస్తూ.

నేను లేచాను. పిల్ల తరఫున నేనే తప్పయిందని చెబుదామనే లేచాను గురవమ్మా, దేవుడి తోడు. కానీ సాక్షమ్మ ముందు నిలబడేసరికి నోట్లో ఇంకో మాట వచ్చింది. పిల్ల నేర్పిన మాటలు ఒక్కటీ గుర్తు లేవు. మన ఇళ్ళల్లో ఒట్టు వేసినవాళ్ళను అడిగినట్టే అడిగాను.

"తల్లీ, ఇన్నేండ్లు ప్రమాణం ప్రమాణమంటివే. దేని మీద చేసినావు నీ ప్రమాణం? బిడ్డల మీదనా, దీపం మీదనా?"

జనం మళ్ళీ నవ్వబోయారు. అంతలో సాక్షమ్మ పలికింది. ఎప్పటిలా నిదానంగా, ఉప్పూ కారం లేకుండా.

"ప్రమాణం ఆధారం: సాగునీరు. నమోదైన వినియోగం: పుట్టగొడుగుల సాగు."

తిమ్మప్ప తల ఊపాడు. "విన్యారు గదా. పైరు మీద ప్రమాణం చేసింది తల్లి. పైరు మీద చేసింది తప్పదు." జనం కూడా అవునవును అన్నారు. నేనూ అవునేమో అనుకుని కూర్చోబోయాను.

తొలకరి నా కొంగు పట్టి లాగింది. "కూచోవాకు అవ్వా. మనం తాగేది దానికి తెలీదు. పైరుకు పోతాయనుకుంటాంది. 'తాగునీటి ప్రమాణంతో పోల్చు' అను."

ఓబులేసు లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నీళ్ళగది పనివాడు అలా లేవకూడదు. లేచాడు.

నేను అన్నాను. తాగునీటి అనే దగ్గరే నాలిక మడతపడింది. "ప్రశ్న స్పష్టంగా లేదు, మళ్ళీ చెప్పండి" అంది సాక్షమ్మ. పిల్ల ఒక్కొక్క మాటా చెవిలో చెబుతుంటే, పాలు పోసేటప్పుడు ఒలకకుండా పోసినట్టు నేను ఒక్కొక్కటే పలికాను. తాగునీటి. ప్రమాణంతో. పోల్చి. చెప్పు.

"తాగునీటి ప్రమాణంతో పోల్చితే ఈ నీరు లోబడి లేదు. ఫ్లోరైడు లీటరుకు ఆరు మిల్లీగ్రాములు. ఒకటిన్నర మించరాదు. దీర్ఘకాలం తాగితే పళ్ళు, ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి. ఎదిగే పిల్లల్లో కాళ్ళు వంగవచ్చు."

కర్పూరం ఆరిపోయింది. ఎవరూ మళ్ళీ వెలిగించలేదు. తిమ్మప్ప మనవడు నోరు తెరిచి తన పళ్ళు వేలితో తడుముకున్నాడు. వాడి తాత అది చూసి, మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే తల్లీ?" అన్నాడు.

"అడగలేదు" అంది సాక్షమ్మ.

తిమ్మప్ప తల ఎత్తి టీచరును వెతికాడు. ఆమె చివర గోడకు ఆనుకుని ఉంది. "అమ్మా, మీరు బండి ఎక్కొద్దు" అన్నాడు. తరవాత తొలకరికేసి, "పాపా, ఇంకా ఏమేం అడగల్లో నాకూ కొంచెం నేర్పు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కబురు ఆరు. భాద్రపద శుద్ధ సప్తమి.

ఓబులేసు తాను కలిపిన గొట్టాన్ని తానే ఊడదీశాడు. పై తలుపు దగ్గర రాత్రి గాలిలోని ఆవిరిని నీళ్ళుగా పట్టి దించే పాత గొట్టాలు ఉన్నాయి, వాటిని బాగు చేస్తున్నారు. ఇప్పటికి వచ్చే నీళ్ళు పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రమే. మాకు వంతు వచ్చిందాకా గొంతు తడుపుకోవడమే. చినుకు కాళ్ళు నిటారవుతాయా అని వైద్యుణ్ణి అడిగాను. ఎదిగే ఎముక గనుక కొంత సర్దుకోవచ్చు, మాట ఇవ్వలేను అన్నాడు. మొదటిసారి ఆయన తెలియదన్నాడు. ఎందుకో ఆ మాటకే కొంచెం నమ్మకం కలిగింది.

ఇప్పుడు నా దిగులంతా మీ మీదికి మళ్ళింది. మొదటి కబురులో నేను అడిగినదంతా నిన్న తొలకరి చదివింది. చదివి, "అవ్వా, జవాబు నీ కుశలప్రశ్నల్లోనే ఉండాది, నువ్వు బాగుండారా అని అడిగి ఊరుకున్యావు" అంది. కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి పిల్ల చెప్పిన తీరులో. మరిది నడుము ఎప్పటి నుంచి బిగిసింది? మీ ఊళ్ళోనూ వాన నీళ్ళ తొట్టి ఎండింది కదా, అది ఎండకముందా, ఎండాకనా? హుసేనమ్మ మోకాళ్ళ నొప్పి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నదా, మీ నీళ్ళు తాగాక వచ్చిందా? మబ్బు ఈడు పిల్లల్లో ఎంతమందికి చారలున్నాయి, ఎంతమందికి లేవు? లేనివాళ్ళు ఏ కొళాయి నీళ్ళు తాగుతున్నారు? నీ మెడ సంగతి కూడా రాయి, నీది నువ్వు ఎప్పుడూ దాటవేస్తావు.

మీ సాక్షమ్మను బాగుందా అని మాత్రం అడగకు. బాగుందనే చెబుతుంది. మేము వచ్చిందాకా మబ్బుకు మీ పై తలుపు దగ్గరి ఆవిరి గొట్టం నీళ్ళు తప్ప ఇంకేవీ పట్టకు. మంటపంలో జనాన్ని కూడగట్టమని మరిదికి చెప్పు. ఇంటి పెద్దగా అడిగేది ఆయనే కావాలి, చెవిలో చెప్పేది తొలకరి. పక్కన నేను ఉంటాను, ఆయన నాలిక మడతపడితే నవ్వడానికి ఒకరు ఉండాలి కదా. సొరంగం బండిలో మా ఇద్దరికీ చోటు పట్టించాను. భాద్రపద పౌర్ణమి, శుక్రవారం పొద్దున మీ స్టేషన్‌లో దిగుతాం.